డిసెంబర్ 4న నేవీ డే అందరికీ తెలుసు, మద్రాస్ రెజిమెంట్ పుట్టినరోజని ఎవరికి తెలుసు?

ఎంవీపీ కుర్రాడు | శనివారం రాత్రి 9:12

మా తమ్ముడికి అగ్నివీర్ వచ్చింది. రాతపరీక్ష, పరుగు, మెడికల్ అన్నీ గట్టెక్కి మొన్ననే లెటర్ చేతికొచ్చింది. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్, వెల్లింగ్టన్, నీలగిరి జిల్లా. ఇంట్లో పండగే. మా అమ్మకి మాత్రం ఒకటే అనుమానం, "ఊటీ పక్కన మిలట్రీ ఏటిరా, అక్కడ పాటలు తీస్తారు గదా" అంటోంది. నా అనుమానం వేరు. మద్రాసు చెన్నై అయిపోయి పాతికేళ్లు దాటింది, ఆ రాష్ట్రంలోంచి మనం 1953లోనే విడిపోయాం, ఇంకా విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్లను మద్రాస్ పేరున్న రెజిమెంట్‌కి ఎందుకు పంపుతున్నారు? తమ్ముడేమో "దేశంలో అన్నిటికంటే పాత రెజిమెంట్ అన్నయ్యా" అని కాలరెగరేస్తున్నాడు. నిజమా, కోచింగ్ సెంటర్ వాళ్ల గొప్పా? ఇక్కడ మిలట్రీ వాళ్లు ఉన్నారు కదా, కాస్త చెప్పండి.

మాజీ హవల్దార్ | రాత్రి 9:40

తమ్ముడికి శుభాకాంక్షలు బాబూ, మీ అమ్మగారికి ఇంకా ఎక్కువ. నేనూ ఆ సెంటర్‌లోనే ట్రైనింగ్ అయ్యాను, పదిహేడేళ్లు చేసి పెన్షన్ మీద వచ్చాను. ఊటీ పక్కనే, కానీ పాటలు మనమే పాడాలి, తెల్లారకముందే, చలికి పళ్లు టకటకలాడుతుంటే. అమ్మగారికి అది మాత్రం చెప్పకండి.

పాతదన్న మాట నిజమే. 1758 డిసెంబర్ 4న మద్రాసులో సిపాయిలతో రెండు పటాలాలు కట్టారు, ఆ రోజే మా రెజిమెంట్ పుట్టినరోజు. ఇక్కడో తమాషా చూడండి, అదే డిసెంబర్ 4న నేవీ డే, చాలా ఏళ్లు మన బీచ్‌రోడ్డులో ఆ రోజే విన్యాసాలు జరిగేవి. 1971లో కరాచీ మీద దాడి చేసిన రోజు కాబట్టి హెలికాప్టర్లు, కమాండోలు, ఇసకేస్తే రాలనంత జనం. నేను వెళ్లి చప్పట్లు కొట్టేవాణ్ణి, లోపల మాత్రం "మాదీ ఈ రోజే కదరా" అనుకునేవాణ్ణి. ఓసారి పక్కాయనకి చెప్తే, అయితే నువ్వు సబ్‌మెరైన్‌లో చేశావా అన్నాడు.

పేరు సంగతి. ఇక్కడ మద్రాస్ అంటే ఊరు కాదు, దక్షిణాది మొత్తం. తమిళ, మలయాళ, కన్నడ, తెలుగు కుర్రాళ్లందరూ ఒకే బారక్‌లో పడుకుంటారు. బయటి రెజిమెంట్ల వాళ్లు మనందరినీ కలిపి "తంబి" అంటారు. నినాదం "వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు". కొట్టు, చంపు అని. టెక్కలి కుర్రాడైనా అదే అరవాలి, నెలకి అలవాటైపోద్ది.

గోపాలపట్నం గడుగ్గాయి | రాత్రి 10:05

బ్రో, కంగ్రాట్స్. కానీ 1758కి ఇండియన్ ఆర్మీ ఎక్కడిది? అది ఈస్టిండియా కంపెనీ వాడు జీతం ఇచ్చి పెట్టుకున్న సైన్యం. మనవాళ్ల మీదకి మనవాళ్లనే తోలాడు. దాన్ని పుట్టినరోజు అని కేకు కోసుకోవడం నాకు ఎక్కదు.

వన్‌టౌన్ మాష్టారు | రాత్రి 10:58

గడుగ్గాయి గారి ప్రశ్న తీసిపారేసేది కాదు, దానికి తర్వాత వస్తాను. ముందు అసలు ఎందుకు పుట్టిందో చూద్దాం.

1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసుని పట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్ల దగ్గర సైన్యమంటూ పెద్దగా లేదు, కోటకి కాపలా కాసే జనం తప్ప. అదే ఏడాది అడయారు దగ్గర కొద్దిపాటి ఫ్రెంచి దళం ఆర్కాటు నవాబు పెద్ద సైన్యాన్ని చెదరగొట్టింది. ఆ దళంలో మనదేశపు సిపాయిలూ ఉన్నారు. వరసలో నిలబెట్టి, తుపాకీ నింపి, ఆజ్ఞ ప్రకారం ఒకేసారి కాల్చడం నేర్పితే ఇక్కడి మనిషి ఎవడికీ తీసిపోడని అప్పుడు తెలిసింది. 1748లో స్ట్రింజర్ లారెన్స్ అనే ఆయన వచ్చి ఇంగ్లీషువాళ్ల తరఫున అదే పని మొదలుపెట్టాడు. మొదట చిన్న చిన్న కంపెనీలు. 1758 చివర్లో ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసు మీదకి వస్తున్నాడని తెలిశాక, ఆ కంపెనీలను కలిపి పటాలాలుగా కట్టారు. హవల్దార్ గారు చెప్పిన డిసెంబర్ 4 అదే. పది రోజుల్లో లాలీ వచ్చి ముట్టడి వేశాడు, ఫిబ్రవరి దాకా కూర్చుని, ఏమీ చేయలేక లేచిపోయాడు.

మనవాళ్లు గమనించాల్సింది, సరిగ్గా ఆ వారంలోనే పిఠాపురం దగ్గర చందుర్తిలో యుద్ధం జరిగింది. అంతకుముందు ఏడాది జూన్‌లో ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖపట్నం కోటను ఇంగ్లీషువాళ్ల నుంచి లాక్కున్నాడు. విజయనగరం ఆనందగజపతి రాజుకి ఫ్రెంచివాళ్లతో చెడి, వాళ్లను విశాఖ నుంచి వెళ్లగొట్టి ఇంగ్లీషువాళ్లకి కబురంపాడు. ఇంగ్లీషు సేనాని కల్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చి మన ఊళ్లోనే దిగాడు. చందుర్తిలో ఇంగ్లీషు తెల్ల పటాలం ఎత్తుగా పెరిగిన చేను వెనక కనబడకుండా పోయింది, పక్కన ఎర్రకోట్లు వేసుకున్న సిపాయిలు కనబడ్డారు. ఎర్రకోటు చూసి అదే తెల్లవాళ్ల పటాలం అనుకుని ఫ్రెంచివాళ్లు సిపాయిల వెంటపడ్డారు. చేను వెనక నుంచి అసలు పటాలం పక్కమీద కాల్చింది. ఒక చేను, కొన్ని ఎర్రకోట్లు, అంతే, ఉత్తర సర్కారుల, అంటే మన కోస్తా జిల్లాల, తలరాత మారిపోయింది.

అయితే చందుర్తిలో ఉన్నవి బెంగాల్ సిపాయి పటాలాలు, మద్రాసువి కావు. మన రెజిమెంట్ ఖాతాలో వేసుకోకండి.

ఎంవీపీ కుర్రాడు | రాత్రి 11:10

మాష్టారూ, చందుర్తి మా పెద్దమ్మ వాళ్ల ఊరికి వెళ్లే దారిలోనే. ఎన్నిసార్లు బస్సులో నిద్రపోతూ దాటానో!

భీమిలి పిల్ల | రాత్రి 11:32

నేను మిలట్రీ పిల్లని, చిన్నప్పుడు కొన్నాళ్లు వెల్లింగ్టన్ క్వార్టర్స్‌లోనే పెరిగాను. మా నాన్నది 16 మద్రాస్, అంటే ఈ రెజిమెంట్‌లో 16వ పటాలం. హవల్దార్ గారి 1758కి మా నాన్న ఒప్పుకునేవారు కాదు. 9 మద్రాస్ తిరువాంకూరు రాజుల నాయర్ దళం నుంచి వచ్చింది, వాళ్ల లెక్క 1704 నుంచి. స్వాతంత్ర్యం తర్వాత సంస్థానాల సైన్యాలను కలిపేసినప్పుడు తిరువాంకూరు వాళ్లు, మైసూరు వాళ్లు కొందరు మద్రాస్ రెజిమెంట్‌లోకి వచ్చారు. కంపెనీవాడితో మొదలవని వరస కూడా ఈ రెజిమెంట్‌లో ఉందని గడుగ్గాయికి చెప్పండి.

గోపాలపట్నం గడుగ్గాయి | రాత్రి 11:40

అక్కా, అది రాజుగారి సైన్యం, ఇది కంపెనీ సైన్యం. జనం సైన్యం ఎప్పుడైందో చెప్పండి :)

వన్‌టౌన్ మాష్టారు | ఆదివారం ఉదయం 6:20

రాత్రి నిద్రపట్టక ఇంకో సంగతి గుర్తొచ్చింది. దీన్ని మన పిల్లలకి ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

1756లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా ఇంగ్లీషువాళ్ల నుంచి కలకత్తా తీసుకున్నాడు. దాన్ని వెనక్కి తెచ్చుకోడానికి క్లైవ్ మద్రాసు నుంచి ఓడల్లో బయల్దేరాడు. వెంట 900 మంది తెల్లవాళ్లు, 1,500 మంది సిపాయిలు. దారిలో కంబర్లాండ్ అనే ఓడ ఒరిస్సా తీరంలో ఇసుకకి తగిలి, ముందుకు పోలేక వెనక్కి తిరిగి మన విశాఖపట్నం చేరింది. మిగతావాళ్లు వెళ్లి కలకత్తా పట్టుకున్నారు, 1757 జూన్ 23న ప్లాసీ గెలిచారు. ఆ సిపాయిలను బెంగాల్ జనం ఏమని పిలిచారో తెలుసా? తెలింగాలు అని. తెలుగు తీరం నుంచి వచ్చిన సిపాయిలు కాబట్టి. వాళ్లలో తమిళులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు, అందరూ తెలుగువాళ్లని నేను అనను. కానీ జనం నోట్లో పడిన పేరు మాత్రం మనదే.

తర్వాత కంపెనీ బెంగాల్‌లో, బీహార్‌లో, అవధ్‌లో కొత్త పటాలాలు కట్టింది. అందులో చేరింది భోజ్‌పూరీ, అవధీ మాట్లాడే బ్రాహ్మణులు, రాజపుత్రులు. ఒక్క ముక్క తెలుగు రాదు. అయినా ఎర్రకోటు వేసి తుపాకీ పట్టిన ప్రతివాడూ అక్కడి జనానికి "తిలంగా" అయిపోయాడు. నూరేళ్ల తర్వాత 1857లో మీరట్ నుంచి తిరుగుబాటు సిపాయిలు ఢిల్లీలో దిగినప్పుడు, ఊరివాళ్లు ఉర్దూలో రాసుకున్న అర్జీల్లో వాళ్ల పేరు తిలంగే. తిలంగాలు మా దుకాణంలోకి దూరారు, తిలంగాలు డబ్బివ్వలేదు అని. ఆ ఏడాది తిరగబడనిదేమో మద్రాసు సైన్యం!

చింతపల్లి కాఫీ | ఉదయం 7:05

బాగుంది మాష్టారూ, తెలుగువాడు వెళ్లకపోయినా పేరు వెళ్లిపోయింది. నాదో ప్రశ్న. మా వైపు పెద్దవాళ్లు అల్లూరి మీదకి మద్రాస్ రెజిమెంట్‌ని పంపారంటారు, నిజమా?

వన్‌టౌన్ మాష్టారు | ఉదయం 7:30

కాదండీ. 1922 నుంచి 24 దాకా మన్యంలో సీతారామరాజుని వెతికింది మలబార్ స్పెషల్ పోలీసులు, తర్వాత అస్సాం రైఫిల్స్. దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే తెల్ల అధికారులు చనిపోయాక ఇంకా ఎక్కువమందిని దించారు. మద్రాసు సైన్యం మన్యంలోకి వచ్చింది అంతకు నలభై ఏళ్ల ముందు, 1879 రంప పితూరీని, అంటే తిరుగుబాటుని, అణచడానికి.

గోపాలపట్నం గడుగ్గాయి | ఉదయం 8:15

>> మద్రాసు సైన్యం మన్యంలోకి వచ్చింది

అదే నేను చెప్పేది. ఇంకొకటి మర్చిపోయారు, పద్మనాభం. 1794 జూలై 10. మనం దీపాలు పెట్టడానికి మెట్లెక్కే ఆ కొండ కిందే విజయనగరం చిన విజయరామరాజుని చంపారు. పేష్కషు, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బాకీ పెట్టాడని. కాల్చింది ఎవరు? మద్రాసు సిపాయిలు. 1758లో వాళ్ల నాయన తరంలో ఇంగ్లీషువాణ్ణి పిలిచి తెచ్చుకున్న ఇల్లే అది. రాజు చుట్టూ వందల మంది కదలకుండా నిలబడి చచ్చిపోయారు. నాకు వాళ్లు గుర్తుండాలి గానీ, కాల్చినవాళ్లు కాదు.

మాజీ హవల్దార్ | ఉదయం 8:40

బాబూ, నేను వాదించను. కానీ ఆ కాల్చినవాడిదీ పక్క జిల్లా ఊరే అయ్యుంటాది, వాడింట్లోనూ ఒకమ్మ ఉండే ఉంటాది. నెలజీతం సరిగ్గా వచ్చే పని ఆ రోజుల్లో ఇంకేముంది? ఇవాళ ఎచ్చెర్ల నుంచి, నెల్లిమర్ల నుంచి హైవే మీద చీకటితో పరిగెత్తే కుర్రాళ్లని అడగండి, దేశభక్తి ఎంత, ఇంటి మీద అప్పు ఎంత అని. రెండూ ఉంటాయి.

వన్‌టౌన్ మాష్టారు | ఉదయం 9:50

సిపాయి అంటే చెప్పింది చేసే బొమ్మ అనుకుంటే మన ఊరి చరిత్రే ఒప్పుకోదు. 1780 అక్టోబర్ 3న ఏం జరిగిందో చూడండి.

అప్పట్లో మద్రాసు పటాలాల్లో కర్ణాటక పటాలాలు, సర్కారు పటాలాలు అని రెండు తెగలు. సర్కారువి అంటే ఉత్తర సర్కారులవి, మన కోస్తాలో ఉండేవి. సిపాయి ఒక్కడే కాదు, పెళ్లాం, పిల్లలు, ముసలి తల్లి అందరూ పటాలం ఇళ్ల వరసల్లోనే కాపురం. చనిపోయిన సిపాయి కొడుకుని పటాలంలోనే పెట్టుకుని కొంత జీతం ఇచ్చేవాళ్లు, పెన్షన్ బాయ్ అని. పటాలం అంటే వాళ్లకి ఊరే.

ఆ జూలైలో మైసూరు హైదర్ అలీ కర్ణాటకం మీద పడ్డాడు. సెప్టెంబర్ 10న పొల్లిలూరులో కంపెనీ కల్నల్ బెయిలీ సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. మూడు వారాలు తిరిగేసరికి విశాఖలో ఉన్న సర్కారు సిపాయిలకి ఆజ్ఞ వచ్చింది, ఓడెక్కి మద్రాసు పదండి అని. ఒక్కసారి ఊహించండి. వెనక కుటుంబాన్ని ఎవరు చూస్తారో తెలీదు, ముందు సముద్రం, దాని అవతల హైదర్. ఎక్కం అన్నారు. మాట మాట పెరిగి తుపాకులు పేలాయి, కొందరు తెల్ల అధికారులు అక్కడే పోయారు. తర్వాత తిరుగుబాటు నడిపినవాణ్ణి పట్టుకుని ఫిరంగికి కట్టి పేల్చేశారు. 1857కి 77 ఏళ్ల ముందు, వేలూరు కంటే 26 ఏళ్ల ముందు, మన రేవులో.

వేలూరు తెలుసు కదా. 1806 జూలై 10. బొట్టు పెట్టకూడదు, గడ్డం గొరగాలి, తోలు ముక్క తగిలించిన కొత్త టోపీ పెట్టాలి అన్నారు. అర్ధరాత్రి దాటాక లేచి కోటలో వందమందికి పైగా తెల్లవాళ్లను చంపారు, పొద్దున ఆర్కాటు నుంచి గుర్రపుదళం వచ్చి సిపాయిలను వందల్లో నరికింది. చివరికి టోపీ ఆజ్ఞా పోయింది, గవర్నర్ బెంటింక్ ఉద్యోగమూ పోయింది.

జూలై 10 అని రాస్తుంటే ఇప్పుడే చూశాను గడుగ్గాయి గారూ, మీ పద్మనాభం కూడా అదే తారీఖు.

గోపాలపట్నం గడుగ్గాయి | ఉదయం 10:12

1780ది నాకు తెలీదు. నిజంగా తెలీదు. రేవుకి రోజూ డ్యూటీకి వెళ్తాను, ఒక్కడూ చెప్పలేదు.

(మధ్యలో రెండు వ్యాఖ్యలు తొలగించబడ్డాయి)

అడ్మిన్ | ఉదయం 11:00

"తెలింగా" నుంచి ఏ కులం పేరు వచ్చింది, ఏ కులం వాళ్లు నిజమైన సిపాయిలు అనే గొడవ ఇక్కడ వద్దు. రెండు పోస్టులు తీసేశాను. మూడోది వస్తే ఖాతా మూస్తాను. మిగతాది చక్కగా నడుస్తోంది, నడవనివ్వండి.

ఎంవీపీ కుర్రాడు | మధ్యాహ్నం 12:30

నాన్న కూడా చదువుతున్నారు, ఫోన్ లాక్కుంటున్నారు. తమ్ముడి లెటర్ మీద ఏనుగు బొమ్మ ఉంది. దాని కథేంటి బాబాయ్ గారూ?

మాజీ హవల్దార్ | మధ్యాహ్నం 1:15

అది అస్సాయే ఏనుగు. రిక్రూట్‌కి మొదటి నెలలోనే నేర్పుతారు, నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. 1803 సెప్టెంబర్ 23. మహారాష్ట్రలో అస్సాయే అనే ఊరు. అటుపక్క సింధియా, భోంస్లే పెద్ద సైన్యం, బోలెడు ఫిరంగులు. ఇటుపక్క ఆర్థర్ వెల్లెస్లీ, స్కాట్లాండు పటాలాలు రెండు, మిగతా కాల్బలం చాలావరకు మద్రాసు సిపాయిలే.

మధ్యలో కైల్నా నది. దారి చూపేవాళ్లని అడిగితే ఇక్కడ రేవు లేదు, దాటలేరు అన్నారు. వెల్లెస్లీ దుర్బిణి పెట్టి చూస్తే అటు ఒడ్డున ఒక ఊరు, ఇటు ఒడ్డున ఇంకో ఊరు, ఎదురెదురుగా. ఇంత దగ్గర్లో రెండు ఊళ్లు కట్టుకున్నారంటే మనుషులు రాకపోకలకి దాటే చోటు ఉండకుండా ఉంటుందా అనుకున్నాడు. ఉంది. అక్కడే దాటి పక్కనుంచి కొట్టారు. మాకు ట్రైనింగ్ ఇచ్చిన ఉస్తాద్ ఈ కథ చెప్పి, మ్యాప్‌లో లేనిది ఊళ్లు చూసి తెలుసుకోవాలి అనేవాడు. నేను కశ్మీర్లో పెట్రోలింగ్‌లో దాన్ని వాడుకున్నాను కూడా.

గెలుపు చవగ్గా రాలేదు, ఇటువైపే దాదాపు 1,600 మంది చావడమో గాయపడడమో అయింది. ఆ గెలుపుకి గుర్తుగా ఇచ్చిన ఏనుగే ఇప్పటికీ మా బ్యాడ్జీ మీద ఉంది. వెనక డాలు, అడ్డంగా కత్తులు. మా ఆదర్శవాక్యం "స్వధర్మే నిధనం శ్రేయః", గీతలోది, మన ధర్మం చేస్తూ చావడమే మేలని.

చింతపల్లి కాఫీ | మధ్యాహ్నం 2:40

ఇంత పేరున్న తెలుగు సిపాయి మరి ఏమైపోయాడు? మిలట్రీ అంటే సిక్కులు, గూర్ఖాలు, రాజపుత్రులే అని మా చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మనవాళ్లంటే సైనికుల ఊరని పేరున్న మిలిటరీ మాధవరం ఒక్కటే చెప్తారు.

వన్‌టౌన్ మాష్టారు | సాయంత్రం 4:05

తీసేశారు. ఒక్కరోజులో కాదు, నలభై ఏళ్లలో.

1880ల్లో మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్, తర్వాత మొత్తం భారత సైన్యానికీ అధిపతి అయ్యాడు. దక్షిణాదిలో చాలాకాలం యుద్ధాలు లేక ఇక్కడి సిపాయి మెత్తబడ్డాడని, పోరాడే జాతులు ఉత్తరాన ఉన్నాయని ఆయన నమ్మకం. సైన్యంలో జాతుల జాబితాలు తయారయ్యాయి. పంజాబీ, పఠాన్, గూర్ఖా పైన, మనం అడుగున. 1857లో తిరగబడకుండా నిలబడ్డ సైన్యానికి దొరికిన బహుమతి అది. ఇందులో అసలు లెక్క ఏంటంటే భయం రష్యా వైపు నుంచి, యుద్ధం వస్తే వాయవ్య సరిహద్దులో వస్తుంది, ఆ పక్కవాళ్లే కావాలి. ఆ అవసరానికి రక్తం, జాతి అని పేర్లు పెట్టారు.

మద్రాసు పటాలాలను ఒక్కొక్కటిగా రద్దు చేశారు, కొన్నిటిలో మనుషులను మార్చి పంజాబీ పటాలాలు చేశారు. పేరు మారింది, పాత జెండా, పాత యుద్ధాల లెక్క మాత్రం అలాగే పోయాయి వాళ్లతో. మిగిలినవాటిని కలిపి 1922లో 3వ మద్రాస్ రెజిమెంట్ అన్నారు. ఆ దశాబ్దం అయ్యేలోపే ఖర్చు తగ్గించాలని దాన్నీ మూసేశారు. ఇంజనీర్లను, అంటే మద్రాస్ సాపర్లను మాత్రం ఉంచుకున్నారు, పని తెలిసినవాడు జాతితో పనిలేకుండా కావాలి కదా.

మళ్లీ యుద్ధం వచ్చేసరికి జాబితాలన్నీ అటకెక్కాయి. 1941లో మద్రాస్ రెజిమెంట్‌ని తిరిగి కట్టారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న మన విశాఖ మీదే జపాన్ బాంబులు పడ్డాయి. ఈ "పోరాడలేని జాతి" వెళ్లి బర్మాలో అదే జపాన్‌తో పోరాడింది.

భీమిలి పిల్ల | సాయంత్రం 4:50

మాష్టారు చెప్పినదానికి ఒక బొమ్మ చూపిస్తాను. ఇప్పటి పంజాబ్ రెజిమెంట్ బ్యాడ్జీ మీద ఏముంటుందో తెలుసా? ఓడ. తెడ్లున్న ఓడ! మా నాన్న నన్ను చిన్నప్పుడు అడిగేవారు, పంజాబ్‌లో సముద్రం ఎక్కడుందే అని. నేను అట్లాసు తీసి వెతికేదాన్ని. ఆ ఓడ మద్రాసు పటాలానిది. అడిగినప్పుడల్లా సముద్రం దాటి యుద్ధానికి వెళ్లినందుకు 1824లో ఇచ్చారు. ఆ పటాలమే తర్వాత 69వ పంజాబీలు అయింది. మనుషులు మారారు, ఓడ ఉండిపోయింది.

మాజీ హవల్దార్ | సాయంత్రం 5:10

అమ్మా, పదిహేడేళ్లు పంజాబ్ రెజిమెంట్ వాళ్ల పక్కన తిన్నాను, తిరిగాను, ఆ ఓడేంటని ఒక్కసారీ అడగలేదు!

గోపాలపట్నం గడుగ్గాయి | సాయంత్రం 5:22

అంటే 1780లో మన రేవులో ఓడెక్కనందుకు ఫిరంగికి కట్టారు, ఇంకెక్కడో ఎక్కినందుకు ఓడ బొమ్మ ఇచ్చారు, ఆ బొమ్మ కూడా ఇప్పుడు వేరేవాడి టోపీ మీద ఉంది. వామ్మో.

వన్‌టౌన్ మాష్టారు | సాయంత్రం 5:45

ఓడెక్కినవాళ్లూ చాలామందే. 1762లో మద్రాసు నుంచి సిపాయిలను ఫిలిప్పీన్స్‌లోని మనీలా తీసుకెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు కొందరు అక్కడే ఆగిపోయారు, కైంటా అనే ఊళ్లో. ఇప్పటికీ అక్కడ మేం సిపాయిల వంశం అని చెప్పుకునే కుటుంబాలు ఉన్నాయి. ఎందుకు ఆగారంటే, జీతం రాకపోవడమో, పిల్ల నచ్చడమో, రెండూనో.

ఎంవీపీ కుర్రాడు | రాత్రి 8:30

తమ్ముడు ఇదంతా చదివి "అన్నయ్యా, నేను నాలుగేళ్లకే కదా వెళ్తున్నది, ఇంత చరిత్ర మోయాలా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ భయం ఉంది. అక్కా, మీ నాన్నగారు యుద్ధం చూశారా?

భీమిలి పిల్ల | రాత్రి 9:05

1971. 16 మద్రాస్ పాకిస్తాన్‌తో బసంతర్ నది దగ్గర పోరాడింది, శకర్‌గఢ్ వైపు. కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ ఘాయ్ అక్కడే చనిపోయారు, ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు. మా నాన్న అప్పుడు కొత్త సిపాయి, మీ తమ్ముడి వయసే. మాకు యుద్ధం గురించి ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కటే చెప్పారు, రాత్రిపూట మందుపాతరలు ఉన్న నేల మీద నడిచేటప్పుడు ముందువాడి అడుగులోనే అడుగు వేశానని, ముందున్నది పాలక్కాడ్ కుర్రాడని, వాడి మడమ తప్ప ఇంకేం చూడలేదని. రిటైరయ్యాక కూడా భీమిలి ఇసుకలో మాతో నడిచేటప్పుడు మా అడుగుల్లోనే అడుగేసేవారు. మేం ఆట అనుకునేవాళ్లం.

గోపాలపట్నం గడుగ్గాయి | రాత్రి 9:20

అక్కా, నిన్న జనం సైన్యం ఎప్పుడైంది అని అడిగాను కదా. సరే.

వన్‌టౌన్ మాష్టారు | రాత్రి 9:41

కుర్రాడూ, తమ్ముడికి రెండు పేర్లు చెప్పు. వెల్లింగ్టన్‌లో వాళ్లు ఉండే బారక్స్ పేరు శ్రీనగేశ్ బారక్స్. జనరల్ శ్రీనగేశ్ ఆర్మీ చీఫ్‌గా చేసి, 1962లో మన ఆంధ్రప్రదేశ్‌కి గవర్నర్‌గా వచ్చారు. ఇంకొకటి, 2020లో గల్వాన్‌లో చనిపోయిన కల్నల్ సంతోష్ బాబు. ఆయనది బీహార్ రెజిమెంట్, ఊరు సూర్యాపేట, కానీ చదివింది మన కోరుకొండ సైనిక్ స్కూల్లో. తెలుగువాడు బీహార్ పటాలాన్ని నడిపాడు. రాబర్ట్స్ జాబితాలో అలాంటిదానికి చోటే లేదు.

మాజీ హవల్దార్ | రాత్రి 10:02

బాబూ, చరిత్ర వాడు మోయక్కర్లేదు, మొదటి రోజు పెట్టె మోస్తే చాలు. రాసుకో. రైలు కోయంబత్తూరు దాకా, అక్కణ్ణుంచి మేట్టుపాళయం మీదుగా కొండెక్కాలి. వాంతులవుతాయి, పొట్ట ఖాళీగా పెట్టుకోమను. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక కవర్లో, జిరాక్సులు వేరే కవర్లో, ఫోటోలు కనీసం ఇరవై. తాళం కప్ప ఒకటి కాదు రెండు, మొదటి వారంలోనే ఒకటి పోతుంది. పాదాలకి వాజిలిన్. ఉన్ని బనీను. ఆవకాయ పెట్టొద్దని చెప్పండి అమ్మగారికి, లంగర్‌లో, అంటే భోజనాల దగ్గర, పంచుకుంటే రెండో రోజుకి సీసా ఖాళీ. అయినా పెడతారు, తెలుసు నాకు, అందుకని మూత గట్టిగా బిగించమనండి, నా సర్టిఫికెట్ల మీద ఇంకా నూనె మరక ఉంది.

ఎంవీపీ కుర్రాడు | రాత్రి 10:15

అమ్మ పక్కనే ఉంది బాబాయ్ గారూ. రెండు సీసాలు పెడతానంటోంది, ఒకటి పంచడానికట.